సిర్ర పట్టిన చెయ్యి

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు. మనీషా తార్నాక నుంచి యూనివర్సిటీ టెన్నిస్ కోర్టుకు నడిచి వచ్చింది. రజిని హాస్టల్ నుంచి వచ్చింది. మహిళల జట్టులో ఒక్క స్థానమే మిగిలింది. ఒకే సెట్. గెలిచినవాళ్లకే ఆ స్థానం.

ఆటకు ముందు కోచ్ పద్మావతి ఇద్దరి చేతి పట్టునూ మీటరుతో కొలిచింది. రజినిదే ఎక్కువ.

"అమ్మో, దీనితో షేక్‌హ్యాండ్ వద్దు మేడం," అంది మనీషా.

కోర్టులో ఆ బలం అక్కరకు రాలేదు. రజిని మణికట్టు కదలలేదు. బంతులు నెట్‌లో పడ్డాయి. రాకెట్ పిడి వదులుగా పట్టమని పద్మావతి ఎప్పుడూ చెప్పేది. కానీ క్యాంపస్‌లో రోజూ ఉద్యమ సభల మైకులో వినిపించేది వేరు: పట్టు సడలొద్దు.

మనీషా మూడు–ఒకటితో ముందున్నప్పుడు సీనియర్ సుదర్శన్ డప్పుతో కంచె దగ్గర ఆగాడు. తార్నాక చౌరస్తాలో ఊరేగింపుకు పోతున్నాడు.

"రజినీ! పట్టు సడలొద్దు!"

ఆమె పిడిని బిగించింది. బంతి కంచెకు తగిలింది. నాలుగు–ఒకటి.

"ఇంకోసారి అను అన్నా, త్వరగా ఇంటికెళ్తా," అంది మనీషా.

పక్కలు మారే విరామంలో సుదర్శన్ డప్పు అందుకున్నాడు. రజిని నీళ్లు తాగుతూ అతని కుడిచెయ్యి చూసింది. డప్పు కొట్టే కర్ర, సిర్ర, వేళ్ల మధ్య ఊగుతోంది. తోలుకు తగిలినప్పుడే వేళ్లు బిగుస్తున్నాయి. మళ్లీ వదులు.

"అన్నా, సిర్రను గట్టిగ పడితే ఏమైతది?"

"మోగదు. నీ బంతి లెక్క."

"మరి పట్టు సడలొద్దని ఎందుకు ఒర్లినవ్?"

"అది ఉద్యమం ముచ్చట, తల్లీ!"

రజిని వేళ్లు వదులు చేసింది. సర్వ్‌లో భుజం బలం మోచేతికి, మణికట్టుకు దిగింది. బంతి తగిలినప్పుడే పిడి బిగించింది. మనీషా కదిలేలోపే బంతి ఆమెను దాటింది.

"లోపలే!" అంది పద్మావతి.

వరుసగా మూడు గేమ్‌లు రజినివే. నాలుగు–నాలుగు. మనీషా ఒక గేమ్ తీసుకుంది. రజిని రెండు తీసుకుంది. సుదర్శన్ ఊరేగింపు మరిచి కంచె పట్టుకుని నిలబడ్డాడు.

ఆఖరి బంతి మనీషా రెండు చేతులతో మూలకు కొట్టింది. రజిని పరుగెత్తి గీత వెంబడి తిప్పికొట్టింది. సుద్ద లేచింది. ఏడు–ఐదు.

మనీషా నెట్ దగ్గర చెయ్యి చాపింది. "మెల్లగా పట్టుకోవే." రజిని పట్టుకుంది. "ఇంత మెత్తటి చేత్తోనా నన్ను ఓడించావు?"

కంచె అవతల సుదర్శన్ నోరు తెరిచాడు. "రజినీ, పట్టు..."

"నువ్వు డప్పు కొట్టన్నా!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.