యకోమీనా చాప

ఓడ పదిహేను రోజులకోసారి వస్తుంది. అదీ సముద్రానికి మనసొప్పితే. అందుకే ఆ దీవిలో ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఊళ్ళోవాళ్ళు రేవుదాకా వచ్చి చేతిలో అరటిపళ్ళో, పొగబెట్టిన చేపో పెట్టి పంపుతారు. కానీ యకోమీనా పట్నం బయల్దేరిన రోజున జరిగింది మాత్రం మామూలు సాగనంపడం కాదు. ఆడవాళ్ళు బావురుమన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆమెను పేరుపెట్టి పిలవడానికే బద్ధకించిన ముసలమ్మలు ఆమె చెంపకు ముక్కు ఆనించి వీడ్కోలు చెప్పారు. తోడికోడలు నెల్చే అయితే మెడ పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు.

యకోమీనా తెల్లబోయింది. తను వెళ్తున్నది కంట్లో పొర తీయించుకోవడానికి. నెలకోసారి పడవలో వచ్చే నర్సు చీటీ రాసిచ్చింది, వెళ్తోంది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఎవరైనా అడగాలి కదా! ఏదో దీవి నుంచి ఇలియాస్ కట్టుకొచ్చిన పిల్ల అనే తప్ప, ఆమె వసారాలో కూర్చుని పొద్దుపుచ్చిన మనిషి లేదు. ఆమె యాసను అనుకరించి నవ్వుకున్నవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. పిల్లల్లేరు. మూడేళ్ళ కిందట ఇలియాస్ జ్వరంతో పోయాక ఆమెకు మిగిలినవి ఆ ఇల్లూ, ఇద్దరూ కలిసి నాటిన పద్నాలుగు జాజికాయ చెట్లూను.

అలాంటి మనిషి కోసం ఊరు ఏడ్చింది. ఓడ డెక్కు మీద తన పెళ్ళినాటి మొగలాకుల చాప పరుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, యకోమీనా కూడా ఏడ్చింది. అది సంతోషం. ఇన్నాళ్ళూ వీళ్ళని రాళ్ళనుకున్నానే, నాదెంత పాపిష్టి మనసు అని చెంపలేసుకుంది.

పట్నం ఆసుపత్రిలో పక్క మంచం మీదావిడ, "నీకెవరూ తోడు రాలేదేం? ఎవరూ లేరా ఏంటి?" అని ఆరా తీసింది.

"ఎందుకు లేరు? ఊరంతా ఉంది" అంది యకోమీనా, కంటికి కట్టుతోనే.

కట్టు విప్పాక ఆమె చేసిన మొదటి పని బజారుకెళ్ళి ఏడ్చినవాళ్ళందరికీ దువ్వెనలూ సూదులూ దారాలూ కొనడం. నెల్చేకి పూల రుమాలు. తిరుగు ప్రయాణంలో ఎవరికి ఏది ఇవ్వాలో మనసులోనే పంచుకుంటూ వచ్చింది.

పొద్దున్నే ఓడ లంగరేసింది. సరుకు దించి, మధ్యాహ్నం దాటాక ఎప్పట్లాగే ఆమె పుట్టిన దీవి మీదుగా మళ్ళీ పట్నానికి సాగిపోతుంది. రేవులో దిగగానే యకోమీనా నవ్వుముఖంతో అందరినీ పలకరించింది. వాళ్ళు మాత్రం దయ్యాన్ని చూసినట్టు చూశారు. ఒకామె చేతిలోని బుట్ట జారవిడిచింది. ఏమైందో తెలియక యకోమీనా గబగబా ఇంటికి నడిచింది.

తలుపుకు అడ్డంగా లేత కొబ్బరాకు కట్టి ఉంది. ఆ ఆకు కట్టిన తోటలోకైనా, ఇంట్లోకైనా ఆ దీవిలో ఎవరూ చెయ్యి పెట్టరు. పెరటివైపు చూస్తే ప్రతి జాజికాయ చెట్టు మొదలుకూ అదే ఆకు. వసారాలో ఆ వంశపు పెద్ద, ఇలియాస్‌కి పినతండ్రి, ముసలి సెఫ్నాత్ కూర్చుని ఉన్నాడు.

"మళ్ళీ వచ్చావేంటమ్మా?" అన్నాడు నిజంగానే అర్థంకాక.

"నా ఇంటికి నేను రాక ఎక్కడికెళ్తాను మామయ్యా! ఈ ఆకేంటి?"

"పెళ్ళి చాప చంకన పెట్టుకుని ఓడెక్కావు కదా! మొగుడు పోయిన మనిషి పెళ్ళి చాప తీసుకుని గడప దాటితే ఇల్లూ చెట్లూ వదిలేసి పుట్టింటికి పోతున్నట్టే. అందుకేగా అందరం అంతలా ఏడ్చాం."

యకోమీనా సంచి కింద పెట్టింది. "పడుకోడానికి తీసుకెళ్ళాను మామయ్యా! ప్లాస్టిక్ చాపని ఎలుకలు కొట్టేశాయి. డెక్కు మీద కటిక ఇనుము మీద పడుకోమంటావా? ఈ పద్ధతి నాకేం తెలుసు? ఇలియాస్ ఎప్పుడూ చెప్పలేదు."

"వాడు పోయాక నువ్వేం చెయ్యాలో వాడెందుకు చెప్తాడు?"

"మరి రేవులో అంతమంది ఉన్నారే, ఎప్పుడొస్తావని ఒక్కళ్ళైనా అడగలేదేం?"

సెఫ్నాత్ తల గోక్కున్నాడు. "మిగతావాళ్ళెవరో నీతో మాట్లాడే ఉంటారని ఎవరికి వాళ్ళం అనుకున్నాం."

ఆ మాట ఆమెకు ఆకుకన్నా గట్టిగా తగిలింది.

ముసలాయన చెడ్డవాడు కాదు. తనే అన్నాడు. "దారి లేకపోలేదు. మన వంశంలో ఒక్క మనిషి, ఆడైనా మగైనా సరే, వాళ్ళంతట వాళ్ళొచ్చి నీ చేతిలో చాప అందుకుని గడప దాటించి లోపలికి తెస్తే చాలు. ఆకు నేనే విప్పుతాను. ఓడ కదిలేలోగా జరగాలి."

"నువ్వే అందుకో మామయ్యా, నీకు దణ్ణం పెడతాను."

"ఆకు కట్టిన చెయ్యి అందుకోకూడదమ్మా."

చాప రెండు చేతుల్లో పట్టుకుని యకోమీనా గడప ముందు నిలబడింది. వాళ్ళంతట వాళ్ళు రావాలన్నాడు కాబట్టి ఎవరినీ పిలవలేదు. వలతో అటుగా పోతూ మరిది, "ఎండలో నిలబడకు వదినా, కొత్త కన్ను" అని చెప్పి పోయాడు. నెల్చే కొడుకు, కొత్తగా పెళ్ళయినవాడు, కప్పు సరిచేయడానికి తాటాకులు మోసుకొచ్చి, ఆమెను చూసి, వాటిని చప్పుడు కాకుండా గోడవార దించి వెనక్కి తిరిగాడు. ఇల్లు ఎవరికి పోయిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఎవరో సగ్గుపిండి రొట్టె, మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టారు. ఒక్కరూ పరుషంగా మాట్లాడలేదు. మాట్లాడితే ఎదురు తిరిగి పోట్లాడేది. ఇంత మర్యాదగా తప్పుకుపోయేవాళ్ళతో ఏమని పోట్లాడుతుంది?

పుట్టిన దీవిలో ఆమెను గుర్తుపట్టేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారేమో. అమ్మా నాన్నా పోయి పదేళ్ళు దాటింది. అక్కడ ఈమె యాస కూడా ఇప్పుడు వాళ్ళకు కొత్తగానే ఉంటుంది. ఎంతసేపు నిలబడినా చాప మాత్రం కింద పెట్టలేదు.

ఓడ మొదటి కూత వేసింది. అప్పుడు వీధి చివరి నుంచి నెల్చే రావడం కనిపించింది, పరుగులాంటి నడకతో. తల తడిగా ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నేరుగా వచ్చి, రెండు చేతులూ చాచింది.

"చాపివ్వక్కా" అంది.

యకోమీనాకు ఇంతసేపూ నెల్చేని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది. చాప ఆ చేతుల్లో పెట్టి, ఆమె లోపలికి వెళ్ళేందుకు దారి వదులుతూ గడప పక్కకు జరిగింది. వసారాలో సెఫ్నాత్ కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

నెల్చే చాపను చంకలో పెట్టుకుని, రెండో చేత్తో యకోమీనా సంచి ఎత్తుకుని, రేవు వైపు తిరిగింది.

"నడువక్కా, ఓడ టైమైపోతోంది. కన్ను కోయించుకున్న ఒళ్ళు నీది, బరువులు నేను మోస్తాలే."

ఆ గొంతులో ప్రేమ నిజమైనదే. అందుకే పోట్లాడలేక యకోమీనా ఆమె వెనకాలే నడిచింది.