సుద్ద రాత

తిరుమలరావు ప్లగ్గు పీకాడు. ఆవిరి పూర్తిగా వదిలాక కాఫీ మిషను పక్కరేకు మీద సుద్దతో 'సిక్' అని రాసి తేదీ వేశాడు. ఆ తర్వాతే స్పానర్ తీశాడు.

రైల్వే వ్యాగన్ల మరమ్మతులో అతనికి ముప్పై నాలుగేళ్ల సర్వీసు. పాడైన వ్యాగన్ మీద సిక్ అని రాస్తారు, బాగుచేశాక ఫిట్ అని రాస్తారు. ఒంట్లో బాగోలేక సెలవు పెట్టిన మనిషి కూడా రిజిస్టరులో సిక్కే. తిరుమలరావు తన పేరు అలా ఒక్కసారీ రాయించుకోలేదు. జ్వరం వస్తే బిళ్ల వేసుకుని డ్యూటీకి వెళ్లాడు. అతను ఫిట్ రాసిన వ్యాగన్ ఒకటి చాంపా స్టేషను దాటాక ఇరుసు వేడెక్కి ఆగిపోయింది. దాని నంబరు ఇప్పటికీ అతనికి నోటికి వచ్చు. అప్పటినుంచి ఫిట్ రాసేముందు ప్రతిదీ రెండుసార్లు పట్టుకుని చూస్తాడు.

మిషను ఇటలీది, అరవై ఏళ్ల నాటిది. రైల్వే క్లబ్బువాళ్లు తుక్కులో పడేస్తే సైకిలు వెనక కట్టుకుని క్వార్టరుకు తెచ్చాడు. పిడి కిందికి లాగితే లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. వదిలితే అది సాగుతూ వేడినీటిని కాఫీ పొడిలోంచి తోస్తుంది. రోజూ పొద్దున లాగేది భార్య కనకమహాలక్ష్మి. మంగళవారం పిడి ఆమె చేతిలోంచి ఎగిరి గడ్డానికి వేలెడు దూరంలో ఆగింది. లోపలి పిన్ను అరిగింది. గోల్ బజార్‌లో లేత్ నడిపే రాజేంద్ర చేత కొత్తది చేయించాడు.

"రేపట్నించి నువ్వు ముట్టకు, నాను లాగుతాను."

"అచ్ఛా! మీరు లాగితే అది కాఫీయా, కుడితా?"

ఆమె మాట వినదని అతనికి తెలుసు. రేపు పొద్దున ఐదున్నరకు మళ్లీ లాగుతుంది. పిన్ను ఇవాళే పడాలి. రెండింటికి డ్యూటీ ఉంది. ఇప్పుడు పదకొండయింది.

అరిగిన రబ్బరు వాషర్లు మూడూ మార్చాడు. స్ప్రింగును బిగింపులో పెట్టి నొక్కాడు. ఎడమ చేత్తో బిగింపు పట్టుకుని, కుడి చేత్తో పిన్ను తోయాలి. పిన్ను సగం దూరాక ఎడమ భుజంలో మొదలైన నొప్పి మోచేతి దాకా దిగింది. బిగింపు కదిలింది.

"ఏటండీ, ఆ సెమటేటి?" ఆమె దగ్గరకు వచ్చింది.

"దూరంగుండు. ఎగిరిందంటే దవడ పోద్ది."

"పోతే మీకే హాయి. నా నోరు మూతపడద్ది."

"ఎల్లవే!"

ఆమె బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లింది. అతను పళ్లు బిగబట్టి పిన్ను తోశాడు. చివరిదాకా వెళ్లింది. బిగింపు అరచుట్టు, మళ్లీ అరచుట్టు వదిలాడు. స్ప్రింగు ఎగరలేదు.

ప్లగ్గు పెట్టాడు. ఆవిరి మీటరు ముల్లు పైకెక్కేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పొడి నింపి పిడి లాగాడు. పిడి మెల్లగా పైకి లేచింది. కప్పులో కాఫీ పడింది. పిన్ను పట్టుకుని చూశాడు. మళ్లీ పట్టుకుని చూశాడు. ప్లగ్గు పీకాడు. సుద్ద తీసుకున్నాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు.

"సిక్" అన్నాడు.

"సిక్కయితే ఉండనీండి," పెరట్లోంచి ఆమె అంది. "రేపు సూద్దురు. తానం సెయ్యండి, డ్యూటీకి టైమవుతోంది."

ఆమె దుప్పటి పిండి, తీగ మీద వేసి, క్లిప్పులు పెట్టి లోపలికి వచ్చింది.

ఆమె కేకకు పక్క క్వార్టరు గిరిబాబు పరిగెత్తుకొచ్చాడు. నాడి పట్టుకుని చూశాడు. రెండోసారీ చూశాడు. ఆ చెయ్యిని తిరుమలరావు ఒళ్లో పెట్టాడు.

"సిక్ అన్నారు బాబూ," అంది కనకమహాలక్ష్మి. "మిషనే అనుకున్నాను."

గిరిబాబు మిషను వైపు చూశాడు. పిడి నిటారుగా ఉంది. కింద కప్పులో కాఫీ నిండుగా ఉంది. పక్కరేకు మీద సుద్ద తుడిచిన మరక, దాని కింద ఇవాళ్టి తేదీతో 'ఫిట్'.