అరిచే నెత్తురు

నవీపేట్ సంతకు మేకలు తోలే ఇళ్లలో పొద్దున లేస్తే పాలు పితకడం, పెంట ఎత్తడం. భూమవ్వ ఇంట్లో వాటికి తోడు కోడలు నవతను తిట్టడం కూడా ఉండేది. నవతకు మొదటిసారి కడుపు పోయినప్పుడే భూమవ్వ ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. మేక నెలలు నిండక ఈసుకపోతే, చచ్చిన పిల్లను నవతే తీసి పారెయ్యాలి. పిల్లల తల్లులు ముట్టుకుంటే అరిష్టమట, దీనికి పోయేదేముంది గనుక! ఆ ఏడు మందలో సగం ఈసుకపోయాయి. నవత చేతులను ఆ నీచు వాసన వదల్లేదు. రెండోసారీ కడుపు పోయాక, చెల్లెల్ని తీసుకుపొమ్మని భూమవ్వ నందిపేట్‌లో ఉన్న నవత అన్నకు ఫోన్ చేసింది.

అన్న రావలసిన రోజే పశువుల దవాఖాన నుంచి ఎస్తర్ వచ్చింది, మందకు నెత్తురు పరీక్ష చెయ్యడానికి.

"రోగమని పేరువడితే సంతల మా మ్యాకల ఎవడు కొంటడు? నడువ్," అంది భూమవ్వ.

"నేను పోతె రోగం పోదు, అవ్వా," అంటూ ఎస్తర్ మేక మెడ పట్టి సూది గుచ్చనే గుచ్చింది.

మేక నెత్తురు సీసాలో పడ్డాక గడ్డకట్టేదాకా అరుస్తూనే ఉంటుంది. ఎస్తర్ ఐసుడబ్బాతో బస్సెక్కితే కండక్టర్ దానికి మేక టికెట్టే కొడతాడు. మంచి నెత్తురు పెద్ద మేకలా అరుస్తుంది, ఈసుకపోయే రోగమున్నది పుట్టని పిల్లలా సన్నగా అరుస్తుంది. ఆ రోజు డబ్బా నిండా సన్న అరుపులే. భూమవ్వ మొహం మాడిపోయింది.

"మంద సూసెటోళ్లకు గూడ పరీక్ష జెయ్యాలె," అని ఎస్తర్ నవత చెయ్యి పట్టుకుంది.

మనుషుల నెత్తురు మామూలుగా అరవదు. నవతది మాత్రం సీసాలో పడి కాసేపు ఊరుకుని, మేకపిల్లలా సన్నగా అరిచింది.

"చచ్చిన పిల్లల ఒట్టి చేతులతోని తీసినవా, చెల్లే?"

"నేనే తీసిన. అత్త ఇంకెవ్వరిని ముట్టనియ్యలె."

"పచ్చి పాలతోని, గా పనితోని మ్యాకల రోగమే నీకు అంటింది. నీ కడుపు గందుకే పోయింది. మందులు మింగితె తగ్గుతది." ఎస్తర్ ఆమె చేతిలో రబ్బరు గ్లౌజులు పెట్టింది.

అన్న ఆటో వాకిట్లో ఆగింది.

"ఉండు బిడ్డా. ఈడనే మింగుదువు మందులు," అంది భూమవ్వ. పెళ్లయినప్పటి నుంచి ఆ నోట బిడ్డా అన్న మాట రావడం అదే మొదలు. నవతకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది.

అంతలో దొడ్లో ఇంకో మేక నెలలు నిండకుండానే నొప్పులు పడసాగింది. భూమవ్వ అలవాటుగా కోడలి వైపు చూసింది.

నవత గ్లౌజులు అత్త చేతిలో పెట్టింది.

"నువ్వే తీయ్, అత్తా. తొడుక్కొని తీయ్," అని చెప్పి ఆటో ఎక్కింది.