ఐదు తొట్లు

అడవి అంచున ఉన్న పరిశోధన కేంద్రంలో ఆమె భర్త పన్నెండేళ్లు తొట్ల పని చేశాడు. తొట్లలో నీళ్లు నింపడం, కుంటల నుంచి తెచ్చిన తోకకప్పలను కాళ్లు మొలిచేదాకా సాకడం, ఏ రోజుకారోజు రిజిస్టరులో రాయడం, అంతే పని. కొత్తగా వచ్చిన అధికారి ఎండ తగిలే తొట్లన్నీ చెట్ల కిందికి జరిపించాడు. కుంట అడుగు నుంచి తెచ్చే నానిన పాత ఆకులకు బదులు, ఆఫీసు ముందు చెట్టు రాల్చిన కొత్త ఆకులు గంపలకొద్దీ వేయించాడు.

"ఆ ఆకు ఒట్టి వగరండీ. ఇంతంత వేస్తే కప్పపిల్లలు తట్టుకోవు," అని అతను చెప్పి చూశాడు.

"చెప్పింది చెయ్యి," అన్నాడు అధికారి.

తొమ్మిది రోజుల్లో పిల్లలన్నీ చచ్చి తొట్లన్నీ ఖాళీ. పైవాళ్లు నిలదీసేసరికి అధికారి చేతులు దులుపుకున్నాడు. తొట్లు సబ్బుతో కడిగి, సబ్బు పోయేలా తొలవకుండా వదిలేశాడంటూ కాగితం రాసి అతన్ని ఇంటికి పంపేశాడు. అప్పటినుంచి వీధిలో అతని పేరు 'సబ్బు' అయింది. "ఏం సబ్బూ, నురగ తగ్గిందా?" అని పలకరించేవాళ్లు. అతను నవ్వేసి ఊరుకునేవాడు. బట్టలు కుట్టే ఆమెకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది.

"పోనిద్దూ. వాడి పాపాన వాడే పోతాడు," అన్నాడు భర్త.

"వాడంతట వాడు పోయేదాకా నేనాగలేను. ఇంతకీ అవి ఎలా చచ్చాయి? వరసగా చెప్పు."

"నాలుగో రోజుకి నీళ్లు కషాయంలా నల్లబడ్డాయి. ఆరో రోజుకి పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. అన్నీ రిజిస్టర్లో రాశాగా."

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. సబ్బు చంపితే ఆరో రోజు దాకా ఆగుతుందా?

మర్నాడే పెరట్లో ఐదు తొట్లు పెట్టి, కుంట నుంచి తెచ్చిన తోకకప్పలను అన్నింట్లో వదిలింది. రెండింట్లో కుంట ఆకులు, రెండింట్లో ఆ వగరాకులు వేసింది. ఒక్కో జతలో ఒకటి ఎండకు వదిలి, రెండోదాని మీద పాత దుప్పట్లు పందిరిలా కట్టింది. ఐదోదాంట్లో ఉత్త నీళ్లే పోసి, పిల్లలకు ఉడికించిన ఆకుకూర వేసింది. ఎండలో ఉన్న తొట్లకు పిల్లలు తినే పాచి పట్టింది. దుప్పటి కింద పాచీ లేదు, వెచ్చదనమూ లేదు. అక్కడ కుంట ఆకుల్లో పిల్లలు సన్నగానైనా బతికాయి. వగరాకుల్లో మాత్రం ఆరో రోజుకే నోళ్లు పైకెత్తాయి. ఎండలోని వగరాకుల తొట్టిలో సగం నిలిచాయి. ఒక్కొక్కటి చచ్చినప్పుడల్లా గోడ మీద సుద్దముక్కతో గీత గీసేది. గీత పడ్డప్పుడల్లా ఆమెకు గట్టి కుట్టు పడినంత తృప్తి.

"అవేం చేశాయే నీకు?" అన్నాడు భర్త.

"నువ్వేం చేశావు వాడికి?" అంది.

పదో రోజున కేంద్రానికి పెద్ద మేడమ్ తనిఖీకి వచ్చింది. అది వినగానే ఈమె తన తొట్లను తోపుడు బండి మీద పెట్టించుకుని, భర్తను వెంటేసుకుని తిన్నగా వరండాలోకి నడిచింది.

అధికారి నవ్వాడు. "బట్టలు కుట్టుకునేవాళ్లకి ఇవన్నీ ఎందుకమ్మా?"

"కొలతలు తియ్యడం మా పనేనండీ," అంది. మేడమ్ వైపు తిరిగి ఏ తొట్టిలో ఏముందో, ఏ రోజు ఏం జరిగిందో చెప్పింది. తర్వాత ఐదో తొట్టిలో చెంచాడు సబ్బునీళ్లు వంచింది. భర్త "వద్దే!" అంటూ చెయ్యి పట్టుకునేలోపే అయిపోయింది. మేడమ్ టీ తాగడం పూర్తయ్యేసరికి పిల్లలన్నీ వెల్లకిలా తేలాయి. "సబ్బయితే ఇంతసేపే పడుతుందండీ. తొమ్మిది రోజులు పట్టిన చావు ఎవరు పెట్టిందో మీ రిజిస్టర్నే అడగండి."

రిజిస్టరు వచ్చింది. మేడమ్ పేజీలు తిప్పుతుంటే అధికారి ఈమెను పక్కకు పిలిచి, "రేపటినుంచి పనిలోకి పంపించమ్మా, గొడవెందుకు," అని గొణిగాడు.

"గొణిగితే కుదరదండీ. నింద వేసినప్పుడు ఊరంతా తెలిసేలా వేశారు."

వరండాలో అందరి ముందూ అతనిచేత చెప్పించింది: సబ్బు కాదు, ఆకులు, తప్పు నాది. గొంతు లేవలేదని మళ్లీ చెప్పించింది. మూడోసారి మేడమే "చాల్లేమ్మా" అంది. నెల తిరక్కుండా అధికారికి బదిలీ అయింది, భర్త తిరిగి పనిలో చేరాడు.

కానీ తనిఖీ రోజు ఇంటికొచ్చాక అతను మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు కంచం ముందు కూర్చుని, "మిగిలిన పిల్లల్ని ఎండ తగిలే కుంటలో వదిలా," అన్నాడు. "సబ్బు తొట్టివి పాతిపెట్టా."

"మళ్లీ అవసరమైతే మళ్లీ చేస్తా," అంది ఆమె.

"తెలుసు," అని అతను తలెత్తకుండా ముద్ద కలుపుకున్నాడు.