ఆ మర్నాటి వెలుతురు

ఆకాశం గురించి మాట్లాడమంటే గున్నేశ్వరరావు గారికి ఆకలిదప్పులుండవు. రామచంద్రపురంలో పాతికేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నారు. తొంభై తొమ్మిది ఆగస్టులో, సూర్యగ్రహణానికి నాలుగు రోజుల ముందు, కాలేజీ హాల్లో ఉపన్యాసం దంచేశారు. వచ్చినవాళ్ళలో సగం మంది గ్రహణం చూసే నల్లకళ్ళజోళ్ళు ఊరికే ఇస్తారని వచ్చినవాళ్ళే. అవి చేతిలో పడగానే మెల్లగా జారుకున్నారు. ఆయన పట్టించుకుంటేగా. మనకి కనిపించే చుక్క ఇప్పటిది కాదనీ, వెలుతురు బయల్దేరిన నాటిదనీ చెప్పారు. అన్నిటికన్నా దగ్గరి చుక్క నుంచి ఎవరైనా మనల్ని చూస్తే నాలుగేళ్ళ కిందటి రామచంద్రపురమే కనిపిస్తుందని చెప్పి, తన మాటకి తనే మురిసిపోయారు.

మర్నాడు సాయంత్రం మాణిక్యాంబ అనే ఆవిడ ఆయన ఇంటికి వచ్చింది. తొంభై ఆరు తుపానులో ఆవిడ భర్త గంగరాజు రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళి చనిపోయాడు. శవం మూడోనాడు దొరికింది.

"నిన్న మీరు చెప్పింది విన్నానండి. తుపానొచ్చి రెండేళ్ళ తొమ్మిది నెలలండి. ఆనాటి వెలుతురు ఇంకా ఆ చుక్క దాకా వెళ్ళలేదు కదండీ?"

ఆయన మొహం చేటంతయింది. పాతికేళ్ళలో ఒక్క స్టూడెంటూ ఇలా లెక్క కట్టి అడిగిన పాపాన పోలేదు. "వెళ్ళలేదమ్మా. ఇంకా ఏడాదిన్నర పడుతుంది."

"అయితే దారిలోనే ఉందన్నమాట. దాన్ని పట్టుకుని చూడ్డానికి ఏదైనా మిషనుందాండి?"

"ఏం చూద్దామనమ్మా?"

"మా ఆయన ఆ రాత్రే పోయారో, మర్నాడు పగలంతా గట్టు పట్టుకుని కేకలేసి పోయారోనండి. తిథి తెలీదు కాబట్టి అమావాస్యకి తద్దినం పెట్టమన్నారు పంతులుగారు. తిథి సంగతి సరేనండి. రోడ్లు తెగిపోయాయని మేం మూడోనాడు గానీ వెళ్ళలేదు. ఆ మర్నాడు బతికున్నారా అన్నది నాకు తెలియాలండి."

"వెలుతురు కన్నా జోరుగా పోయేది ఏదీ లేదమ్మా. ఇప్పుడు ఏం పంపినా దాని వెనకే పోతుంది. ఎప్పటికీ అందుకోలేదు." చెబుతుంటే ఆయనకే సిగ్గేసింది. నిన్న అంత గొప్పగా చెప్పిన సంగతి ఇవాళ ఎందుకూ కొరగాకుండా పోయింది.

"పోనీలెండి. మనకి తెలియకపోయినా, అక్కడెవరైనా ఉంటే వాళ్ళకి కనిపిస్తారు కదండీ. ఎవరో ఒకరు చూస్తారు."

ఆయన కాదనలేదు. ఆవిడ దణ్ణం పెట్టి లేచింది. గుమ్మం దిగి చెప్పులేసుకుంటూ ఆగిపోయింది.

"మేష్టారూ, ఆ మర్నాడు పొద్దల్లా మబ్బు విడలేదండి. మబ్బులోంచి వెలుతురు పైకి వెళ్తుందాండి?"

అబద్ధం చెప్పేద్దామని ఎంతో అనిపించింది. నోరు రాలేదు. "వెళ్తుందమ్మా. చెదిరిపోయి వెళ్తుంది. అందులో మనిషి కనపడడు."

"అయితే ఆ మర్నాడు ఎక్కడా లేదన్నమాటండి," అంది మాణిక్యాంబ.