ఏడో సాలు

అయిదో సాలు చివరికి వచ్చేసరికి ఎండ బక్కమ్మ వీపు మీదికి ఎక్కింది. ఎడమ చేతి వేళ్ల సందున మగ మొక్కల వరుసలో కోసిన బెండపూలు నాలుగున్నాయి. కుడి చేత్తో ఆడ మొక్క మీది ఎర్ర కాగితపు తొడుగు తీసింది. రేకులు లేకుండా నిలబడి ఉన్న ముదురెరుపు కీలం కొనకు మగపువ్వును ఆనించి రెండుసార్లు తిప్పింది. పసుప్పచ్చని పొడి అంటుకుంది. తెల్ల తొడుగు వేసి, కాడకు ఆకుపచ్చ దారం ముడివేసి, పక్క మొక్కకు జరిగింది.

జిన్నారం దగ్గరి ఆ హైబ్రిడ్ విత్తనాల పొలంలో పదహారేళ్లుగా ఆమె పని ఇదే. సాయంత్రం మొగ్గను బొటనవేలి గోటితో గీరి, రేకులనూ కేసరాలనూ కలిపి ఒలిచి, ఎర్ర తొడుగు వేయాలి. తెల్లవారి వేరే మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. ఎవరి సాళ్లు వాళ్లవి. ఎవరి దారం రంగు వాళ్లది. బెండ నూగుకు చేతులు దద్దుర్లెక్కకుండా, చీర మీద చనిపోయిన మొగుడి నిండుచేతుల అంగీ వేసుకుంటుంది. పక్కనున్న మందుల ఫ్యాక్టరీ వాసన గాలితో వచ్చి పోయింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

పక్క సాలులో గ్రేస్ నడుం నిటారు చేసుకుంటుంటే బక్కమ్మ కొంగు ముడి విప్పి దళసరి ఆకు ఒకటి తీసింది.

"ఇగో పిల్లా, నువ్వడిగిన రణపాల. మట్టి మీద పడేస్తే సాలు, అంచుల పొంట పిల్లలు లేస్తయి."

"మొగోడు అక్కర్లేదా అత్తా దానికి?"

"అక్కర్లేదు. దానికదే."

"మంచి బతుకే దానిది." గ్రేస్ కిలకిల నవ్వింది. "గని అత్తా, మొన్న ఒకటిస్తివి, నిన్న ఒకటిస్తివి. మూడాకులాయె. మా ఇల్లంత అడవి చేస్తవా ఏంది?"

బక్కమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే మనసులో నిన్నటి రోజు కోసం వెతికింది. నిన్న దొరకలేదు. చిన్నప్పుడు తల్లి గెనుసుగడ్డ తీగను జానెడు జానెడు ముక్కలు కోసి తడిమట్టిలో గుచ్చడం మాత్రం, తల్లి మడమల పగుళ్లతో సహా, స్పష్టంగా కనిపించింది. ఏ ముక్క నాటినా అదే తీగ, అదే గడ్డ. ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఏడో సాలులో నిన్న వేసిన తెల్ల తొడుగు ఒకటి గాలికి వదులైంది. సరిచేయబోయి ఆగిపోయింది. లోపల పిందె నెత్తిన వాడిన పసుపు రేకులు ముడుచుకుని ఉన్నాయి. రేకులు ఉండకూడదు. ఒలిచి ఉంటే రేకులెక్కడివి? పక్కది విప్పింది, బాగానే ఉంది. ఆ పక్కదానిలో మళ్లీ రేకులు. పన్నెండు విప్పి చూస్తే అయిదు ఒలవనివే. వాటి పొడి వాటికే అంటుకుని పిందెలు కట్టాయి. కాడలకు ఆకుపచ్చ దారం ఉంది. ముడి తనదే.

మొన్నటి సంగతేమిటి? అంతకుముందు? మూడు సాళ్లలో తన దారం కట్టిన కాయలు వేలెడేసి పెరిగాయి. రేకులు రాలి, తొడుగులు తీసేశాక ఏది కలిపిన కాయో, ఏది కలపనిదో చూసి చెప్పగలిగేవాళ్లు లేరు. విత్తనం మొలిచి కాపుకొస్తేనే తెలుస్తుంది. నిరుడు ఇక్కడి విత్తనం వేసిన ఒక రైతు ఈ పొలం గేటు ముందు వంకర కాయల సంచి గుమ్మరించాడు. అరవలేదు. వాటికేసి చూస్తూ నిలబడ్డాడంతే.

చెబితే పని పోతుంది. ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి కూడా అరవయ్యేళ్ల మనిషిని తీసుకోరు. కిరాయి గది, ఒంటి మనిషి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆమె సాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఎందుకు నడిచిందో అక్కడికి వెళ్లాక గుర్తురాలేదు. వెనక్కి తిరిగితే విప్పిన తొడుగులు కనిపించాయి. మళ్లీ గుర్తొచ్చింది.

అందరూ షెడ్డులో సద్ది తింటున్నప్పుడు తెంపడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజర్ మహేంద్ర పరుగున వచ్చేసరికి మూడు సాళ్లు అయిపోవచ్చాయి. గట్టు మీద లేతకాయల కుప్ప.

"పెద్దమ్మా! ఏందిది? ఎవలు తెంపమన్నరు?"

"నా దారానియే తెంపిన సారూ. వేరేటోళ్లయి ముట్టలే."

"మూడు సాళ్ల కాయ! నేనేం జవాబు చెప్పాలె?"

ఆమె విప్పిన తొడుగు చూపించింది. ఇరవయ్యేడేళ్ల మహేంద్ర అందులోకి చూసి, గట్టు మీద కూర్చున్నాడు.

"వీటిల మంచియి సుత ఉంటయి," అన్నది బక్కమ్మ. "ఏవేవో యాదికి లేదు. యాదికి లేనిది మంచిగ చేసిన అని ఎట్ల చెప్పాలె?"

"గమ్మునుంటే ఎవలకెరుక పెద్దమ్మా?" అతని గొంతు బాగా తగ్గింది.

"ఇయ్యాల నాకెరుకైంది. రేపటికి మరిచిపోతనేమో. అందుకే ఇప్పుడే తెంపిన."

అతను కుప్పలోంచి ఒక కాయ తీసి చూసి, మళ్లీ అందులోనే పెట్టాడు. చివరికి, "కొన్ని దినాలు ఇంటికాడుండు. దవఖానల చూపెట్టుకో. నేను ఫోన్ చేస్త," అన్నాడు. ఆమె సరే అన్నది. ఆమెకు ఫోన్ లేదు.

షెడ్డుకు వెళ్లి అతనే కాగితపు కప్పులో చాయ్ పట్టుకొచ్చాడు. తాగినంక బండి మీద ఇంటి దగ్గర దించుతానన్నాడు. బక్కమ్మ కప్పును గట్టు మీద పెట్టి, ఈగలు పడకుండా బెండాకు ఒకటి కప్పింది. చేతులు కడుక్కొస్తనని నల్లా దిక్కు నడిచింది.

పావుగంట చూశారు. నల్లా దగ్గర ఎవరూ లేరు. గ్రేస్ గేటు దాకా పరుగెత్తింది.

"ఇప్పుడే ఆటో ఎక్కింది," అన్నాడు వాచ్‌మన్. "పటాన్‌చెరు దిక్కు పోయే ఆటో. ఏడికంటే ఇంటికి అన్నది."

"ఆమె ఇల్లు జిన్నారంల గద!"

మహేంద్ర బండి తీశాడు. గ్రేస్ వెనక ఎక్కింది. మట్టిదారి మీద దుమ్ము లేచి, నెమ్మదిగా అణిగింది. గట్టు మీద ఎండకు కప్పు మీది ఆకు అంచులు ముడుచుకుంటున్నాయి. దాని కింద చాయ్ సన్నని మీగడ కట్టి, అంచు దాకా నిండుగా ఉంది.