అలాస్కా అబద్ధం

బుధవారం పొద్దున పది నలభైకి వెర్నన్ టెష్‌కి ఉన్న బాధల్లా ఒక్క కుర్చీ గురించే.

బెవ్ నడిపే హోటల్లో వీపు గోడకీ, మొహం గుమ్మానికీ ఉండే కుర్చీ అదొక్కటే. అందులో అప్పటికే డ్వేన్ హ్రుస్కా కూర్చుని, కాఫీ తాగుతూ పళ్లికిలిస్తున్నాడు. పందొమ్మిదేళ్లుగా ఆ కుర్చీ కోసం ఇద్దరికీ పోటీ. ముందొచ్చినవాడిదే కుర్చీ.

“ఆలస్యమైందిరా ముసలాడా!”

“నీలా పనీపాటా లేదనుకున్నావా? పొద్దుటే రెండిళ్లలో పైపులు బాగుచేసొస్తున్నా.”

“నిన్న మా ఇంట్లో కూడా చేశావుగా. ఇవాళ వంటింట్లో చేపలు పెంచుకుంటున్నాం.”

బెవ్ కాఫీ కూజాతో వచ్చింది. ఊళ్లో ఏ వార్తయినా పేపరు కంటే ముందు ఆవిడ నోట్లోంచే వస్తుంది. “తెలిసిందా? అమరుల దినం వస్తోందని, ఈ వారం పేపర్లో వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన మనవాళ్ల పేర్లన్నీ వేస్తున్నారట. జిల్లా కచేరీలో పాత కాగితాలు తవ్వి తీశారట. పన్నెండింటికి అచ్చు మొదలు.”

డ్వేన్ కప్పు కింద పెట్టాడు. “అరెరె, పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయాను,” అంటూ ఒక్క ఉదుటున బయటికి నడిచాడు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ కుర్చీ వెర్నన్‌కి ఊరికే దొరికింది. అతను కూర్చోలేదు.

సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే కాగితాన్ని జిల్లా కచేరీలో నమోదు చేయించడం అక్కడి తల్లులకి అలవాటు. ఎక్కడైనా పారేసుకుంటారని భయం. వెర్నన్ తిరిగొచ్చిన వారమే, అతను నిద్రపోతుంటే, వాళ్లమ్మ ఆ కాగితం పట్టుకెళ్లి నమోదు చేయించి వచ్చింది. ఆ పట్టీలో అతని పేరు ఉండి తీరుతుంది.

అతను యుద్ధానికి వెళ్లొచ్చాడని ఇప్పుడు ఊళ్లో ఎవరికీ తెలియదు. 1970లో యూనిఫాంలో బస్సెక్కితే పక్కసీటు అమ్మాయి లేచి వెనక్కి వెళ్లిపోయింది. మాజీ సైనికుల క్లబ్బుకి పోతే, హిట్లర్ మీద పోరాడొచ్చిన పెద్దాయన “మీది కూడా యుద్ధమేనా?” అన్నాడు. పనికోసం వెళ్తే యజమాని మొదట అతని చేతులు వణుకుతున్నాయేమో చూశాడు. మర్నాడు వేరే చోట వెర్నన్, “రెండేళ్లు అలాస్కాలో ఉన్నానండీ, చేపలు డబ్బాల్లో పెట్టే పని,” అన్నాడు. ఉద్యోగం వెంటనే దొరికింది. రెండేళ్లకి పెళ్లాడిన మార్లిస్‌కీ అదే చెప్పాడు. ఇరవై నాలుగేళ్ల అబద్ధాన్ని ఆమె పేపర్లో చదివితే ఇంకేమైనా ఉందా? మిగతావి కూడా అబద్ధాలేననుకోదూ!

పదకొండున్నరకి పేపరాఫీసు తలుపు తోసుకుని లోపలికి దూరాడు. తలుపుకి ఎదురుగా ఉన్న మూలలోకి చేరబోయి ఎవరికో గుద్దుకున్నాడు. డ్వేన్!

“పొయ్యి ఇక్కడుందా?” అన్నాడు వెర్నన్.

“నీ పైపు ఇక్కడ పగిలిందా?” అన్నాడు డ్వేన్.

వీపులు గోడకానించి, కళ్లు తలుపు మీదే పెట్టి, ఇద్దరూ భుజం భుజం ఒరుసుకుంటూ నిలబడ్డారు. హోటల్లో ఆ కుర్చీ కోసం ఇద్దరికీ అంత పోటీ ఎందుకో ముందు డ్వేన్‌కి తట్టింది. “ఒరేయ్ వెర్న్... నువ్వూనా?”

“ఎప్పుడు?”

“అరవై ఎనిమిది. నువ్వు?”

“తర్వాతేడు. మరి నువ్వు ఆ రోజుల్లో కాన్సస్ జైల్లో ఉన్నావన్నారే?”

“నేనే చెప్పుకున్నాను. వియత్నాం అంటే ఎవడూ పనివ్వలేదు. జైలంటే, పాపం కుర్రాడు, బాగుపడతాడులే అని వెంటనే ఇచ్చారు.”

వెర్నన్‌కి నవ్వాగలేదు. పేపరు నడిపే డెబ్బై ఏళ్ల ఐలీన్ కళ్లద్దాల మీదుగా చూసింది. “నవ్వులు తర్వాత. టైము పదకొండూ నలభై. పేరు తీసేయాలా? కచేరీ కాగితాన్ని నేను కాదనలేను. ‘ఆ మనిషి నేను కాదు, ఆ యుద్ధానికి నేను వెళ్లలేదు’ అని రాసి సంతకం పెట్టండి, తీసేస్తాను.”

చెరొక కాగితం, చెరొక పెన్ను. వెర్నన్ ‘ఆ యుద్ధానికి నేను’ దాకా చకచకా రాశాడు. ఇంకొక్క మాటే మిగిలింది. నోటితో ఇన్నేళ్లు నల్లేరు మీద బండిలా నడిచిన అబద్ధం చేతికి వచ్చేసరికి మొండికేసింది. పక్కనే నడుస్తూ నడుస్తూ పడిపోయిన కుర్రాళ్ల మొహాలు కాగితం మీద వచ్చి కూర్చున్నాయి. వాళ్లకి సంతకం పెట్టే అవకాశం ఎవడిచ్చాడు?

డ్వేన్ కాగితం పర్రున చిరిగింది. “నాకు చెయ్యి నొప్పిరా.”

“నాకూను,” అని వెర్నన్ తనదీ చింపాడు. “పేపరు ఇళ్లకి ఎన్నింటికి చేరుతుందండీ?”

“ఒంటిగంటకి. పరిగెత్తు,” అంది ఐలీన్.

పరిగెత్తాడు. పన్నెండుంపావుకి వంటింట్లో మార్లిస్ చీజ్ సూప్ కలుపుతోంది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాడు. ఆమె గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది.

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“మొదటి రోజే చెప్పాల్సింది. రెండో రోజుకి మరీ పెద్దదైపోయింది. నువ్వూ లేచి వెనక సీటుకి వెళ్లిపోతావని భయమేసింది.”

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. అంతలోనే కోపమూ ముంచుకొచ్చింది. “మా నాన్న బతికున్నంత కాలం నీ చేపల కథలు ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు! ఏటా జూలైలో ఊళ్లో బాణసంచా కాల్చే రోజున హీటరు బాగుచేయాలని నేలమాళిగలోకి దిగేవాడివి, అదీ ఇందుకేనా?”

“ఊఁ.”

“జూలై ఎండల్లో హీటరేమిటని అడగని నన్ననాలి! ఇంకోటి విను. మన పాతికేళ్ల పెళ్లిరోజుకి నీకు చెప్పకుండా అలాస్కా ఓడకి టికెట్లు తీసుకున్నాను. నువ్వు పనిచేసిన చోటు దగ్గరుండి చూపిస్తావని!”

వెర్నన్ తల దించుకున్నాడు. “వాపసు ఇచ్చేద్దామా?”

“ఎందుకూ? వెళ్దాం. ఇద్దరికీ కొత్తే.” గరిటె పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. “ఇప్పుడు చెప్పు. అసలుది. మొదటి రోజు నుంచి.”

“మొదటి రోజు... మమ్మల్ని ఒక బాతు తరిమింది.”

“బాతా?”

“ఇంత పెద్దది. ఇరవై మందిమి, తుపాకులతో సహా పరుగు లంకించుకున్నాం. మా సార్జెంటు అందరికంటే ముందు.”

మార్లిస్ బల్ల పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. “తర్వాత?” అంది. అతను తర్వాతది చెప్పడం మొదలుపెట్టాడు. అది నవ్వొచ్చేది కాదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఒంటిగంట దాటాక ఫోను మోగడం మొదలైంది, మోగుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.